ఉపాధ్యాయ సంఘాల డిమాండ్లు, సర్కారు బడి పిల్లల అవసరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్ నెలలో బడులు తెరిచే వేళకు బదిలీలు, హేతుబద్ధీకరణ (పిల్లల సంఖ్యను బట్టి పోస్టుల సర్దుబాటు), పదోన్నతులు, పీఆర్‌సీ (వేతన సవరణ) అన్న మాటలతో పత్రికల జిల్లా పేజీలు నిండిపోతాయి. మూడో తరగతి గదిలోకి టీచరు వచ్చారా లేదా అన్న సంగతి మాత్రం ఆ ఊరి గడప దాటి బయటికి రాదు. తల్లిదండ్రులు, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులు, కొత్తగా డీఎస్సీలో (ఉపాధ్యాయ నియామక పరీక్షలో) ఎంపికైన ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. ఇవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ప్రభుత్వ, జిల్లా పరిషత్, మండల పరిషత్ పాఠశాలలను దృష్టిలో పెట్టుకొని రాసినవి.

ఉపాధ్యాయుల ప్రయోజనమూ పిల్లల ప్రయోజనమూ నిజంగా ఒకదానికొకటి అడ్డు వస్తాయా?

చాలా విషయాల్లో రావు. ఖాళీ పోస్టులు భర్తీ చేయాలని సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. అది నెరవేరితే మొదట లాభపడేది పిల్లలే. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు నోటిఫికేషన్ వెలువడ్డాక, మళ్లీ 11,062 పోస్టులతో డీఎస్సీ వచ్చింది 2024లో. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నాటి డీఎస్సీ తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ వచ్చేసరికి 2025 అయింది. ఆ ఆరేడేళ్లలో పదవీ విరమణలు ఆగలేదు, పిల్లలు బడికి రావడమూ ఆగలేదు. తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించమన్నా, బోధనేతర పనులు తీసేయమన్నా, మరుగుదొడ్లకూ తాగునీటికీ నిధులు ఇవ్వమన్నా ఇద్దరి మేలూ ఒకటే.

తేడా వచ్చే చోట్లు వేరే ఉన్నాయి. ఎవరు ఏ ఊళ్లో పనిచేయాలి, విద్యా సంవత్సరంలో ఎప్పుడు మారాలి, పిల్లలు చదవడం నేర్చుకోకపోతే ఎవరు జవాబు చెప్పాలి అన్న ప్రశ్నల దగ్గరకు వచ్చేసరికి సంఘం తన సభ్యుడి పక్షాన మాట్లాడుతుంది, విద్యాశాఖ ఖజానా పక్షాన మాట్లాడుతుంది, చర్చలకు పిలిచిన ఆ గదిలో పిల్లల తరఫున మాట్లాడడానికి ఎవరూ ఉండరు. అసలు లోపం అక్కడ ఉందన్నది మా అభిప్రాయం. సంఘం తన సభ్యుల కోసం కొట్లాడడం తప్పు కాదు, దాన్ని పెట్టుకున్నదే అందుకు. ఆ కొట్లాట ముగిశాక కుదిరే ఒప్పందంలో తరగతి గది లెక్కలోకి రాకపోవడాన్ని మాత్రం మనమంతా మామూలు సంగతిగా అంగీకరించేశాము.

ప్రభుత్వ ఉపాధ్యాయులకు సంఘం పెట్టుకునే హక్కు, సమ్మె చేసే హక్కు ఉన్నాయా?

సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం నుంచి వస్తుంది. సమ్మె సంగతి వేరు. ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు లేదని 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఉపాధ్యాయులు ‘కార్మికులు’ కారని అంతకు ముందే, 1988లో, తేల్చింది. అందువల్ల మన దగ్గర ఉపాధ్యాయుల పోరాటాలు ఎక్కువగా నల్లబ్యాడ్జీలు, భోజన విరామ నిరసనలు, సెలవు రోజుల ధర్నాలు, డీఈఓ (జిల్లా విద్యాధికారి) కార్యాలయాల ముట్టడి రూపంలో సాగుతాయి. 2022 ఫిబ్రవరి 3న పీఆర్‌సీ విషయంలో జరిగిన ‘చలో విజయవాడ’ లాంటివి అరుదు. ఆ రోజు పోలీసుల ఆంక్షలు దాటుకొని ఉద్యోగులు, ఉపాధ్యాయులు నగరానికి చేరిన తీరు చూసినవారికి, మధ్యంతర భృతి 27 శాతం ఇచ్చిన ప్రభుత్వం ఫిట్‌మెంట్‌ను, అంటే వేతన సవరణలో ఇచ్చే పెంపును, 23 శాతానికి కుదించడం వారిని ఎంతగా బాధించిందో అర్థమైంది. జీతం గురించి అడగడాన్ని పిల్లల పట్ల ద్రోహంగా చిత్రించడం అన్యాయం. డీఏ బకాయిల కోసం, వైద్య బిల్లుల కోసం ఎదురుచూస్తున్న మనిషి పూర్తి మనసుతో పాఠం చెప్పాలని కోరుకోవడం తేలికే, చెప్పడం తేలిక కాదు.

ఇన్ని సంఘాలు ఎందుకున్నాయి? వాటికి అంత పలుకుబడి ఎక్కడి నుంచి వస్తుంది?

ఎస్‌టీయూ, ఏపీటీఎఫ్, యూటీఎఫ్, పీఆర్‌టీయూ, డీటీఎఫ్, టీపీటీఎఫ్ వంటివి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు రాజకీయ ఆలోచనలతో పుట్టాయి. ఇవి కాక భాషా పండితులకు, వ్యాయామ ఉపాధ్యాయులకు, గెజిటెడ్ ప్రధానోపాధ్యాయులకు, సామాజిక వర్గాలవారీగా ఉపాధ్యాయులకు వేరే సంఘాలు ఉన్నాయి. పలుకుబడికి ఒక కారణం శాసనమండలి. రాజ్యాంగంలోని 171వ అధికరణం ప్రకారం మండలి స్థానాల్లో దాదాపు పన్నెండో వంతు ఉపాధ్యాయులు ఎన్నుకునేవి. ఆంధ్రప్రదేశ్ మండలిలోని 58 స్థానాల్లో ఐదు, తెలంగాణలోని 40 స్థానాల్లో మూడు ఇలా నిండుతాయి.

ఇక్కడ అంతగా చర్చకు రాని విషయం ఒకటి ఉంది. ఆ ఓటు హక్కు మాధ్యమిక పాఠశాల స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో, గత ఆరేళ్లలో కనీసం మూడేళ్లు బోధించినవారికి మాత్రమే ఉంటుంది. ప్రాథమిక పాఠశాలలో అ ఆలు దిద్దించే ఎస్‌జీటీకి (సెకండరీ గ్రేడ్ టీచరుకు) ఆ ఓటు లేదు. పునాది తరగతుల సమస్యలు మండలిలో ఉన్నత పాఠశాలల సమస్యలంత గట్టిగా వినిపించకపోవడానికి ఇదీ ఒక కారణమని అనుకోవడానికి ఆస్కారం ఉంది.

ఏకోపాధ్యాయ పాఠశాలలు ఇన్ని ఎందుకు మిగిలాయి? ఇందులో సంఘాల బాధ్యత ఎంత?

కేంద్ర విద్యాశాఖ ఏటా సేకరించే యూడైస్ ప్లస్ బడుల లెక్కల్లో, 2024–25 ప్రకారం, దేశంలో లక్షకు పైగా బడులు ఒకే టీచరుతో నడుస్తున్నాయి. వాటిలో అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువగా 12,912 ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. విద్యా హక్కు చట్టం అనుబంధం ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు సైతం ఇద్దరు టీచర్లు ఉండాలి. కాబట్టి ఇది వనరుల కొరత గురించి మాట్లాడి వదిలేయదగిన విషయం కాదు, చట్టం అమలు కాకపోవడం.

ఒకే టీచరు ఉన్న బడిలో ఒక రోజు ఎలా గడుస్తుందో చూస్తే ఈ లెక్క అర్థమవుతుంది. ఐదు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. మధ్యాహ్న భోజనం లెక్క, హాజరు యాప్, మండల కార్యాలయం నుంచి వచ్చే ఫోన్లు, కాంప్లెక్స్ సమావేశం అన్నీ ఆ ఒక్కరివే. ఆ టీచరుకు జ్వరం వస్తే పొరుగు బడి నుంచి పని సర్దుబాటు మీద ఒకరిని పంపుతారు, అప్పుడు పొరుగు బడి ఏకోపాధ్యాయ పాఠశాల అవుతుంది. మంచి టీచరుకైనా ఐదు తరగతులకు రోజుకు పూర్తి పాఠాలు చెప్పడం సాధ్యం కాదు.

దీనికి ప్రభుత్వాలు కనుక్కున్న పరిష్కారం విలీనం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపు ఉన్న ఉన్నత పాఠశాలకు కలిపింది. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నది అందులో ఉద్దేశం. ఒకటి, రెండు తరగతులతో మిగిలిన చిన్న బడి ఒక్క టీచరు చేతిలో ఉండిపోయింది. ఎనిమిదేళ్ల పిల్ల ప్రధాన రహదారి దాటి నడవాల్సి వచ్చిన ఊళ్లలో తల్లిదండ్రులు బడులకు తాళాలు వేశారు. సంఘాలు మొదటి రోజు నుంచీ ఈ జీవోను వ్యతిరేకించాయి, ఆ వ్యతిరేకతలో పోస్టుల రద్దు భయమూ పిల్లల దూరాభారమూ రెండూ ఉన్నాయి. 2025 మే నెలలో ప్రభుత్వం దాన్ని రద్దు చేసి, తరగతికి ఒక టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్ల వైపు మళ్లింది.

ఈ విషయంలో సంఘాలు చాలావరకు పిల్లల పక్షానే నిలబడ్డాయని మేము భావిస్తున్నాము. అయితే ఒక్క మాట చెప్పక తప్పదు. ‘ఏ బడినీ కలపకూడదు, ఏ పోస్టునూ కదపకూడదు’ అన్న వైఖరి కూడా పిల్లలకు మేలు చేయదు. ముగ్గురు పిల్లలకు ఇద్దరు టీచర్లున్న బడి ఒక వీధిలో, అరవై మందికి ఒక్కరున్న బడి పక్క ఊళ్లో ఉన్నప్పుడు సర్దుబాటు జరిగి తీరాలి. ఎంత దూరం నడవాలి, రోడ్డు ఉందా, వాగు ఉందా, ఆటో ఖర్చు ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నలకు ఆ ఊరివాళ్ల జవాబు విన్నాక జరగాలి. తెలంగాణలో ఒక్క విద్యార్థి కూడా నమోదు కాని బడులు 2,245 ఉన్నట్టు అదే 2024–25 లెక్కలు చెబుతున్నాయి. ఆ బడులు ఖాళీ అయ్యేదాకా ఎవరు ఏం చేశారన్న ప్రశ్నకు శాఖతో పాటు సంఘాలూ జవాబు వెతకాలి.

బదిలీల్లో పిల్లల అవసరం ఎక్కడ లెక్కలోకి వస్తుంది?

నిజం చెప్పాలంటే చాలా తక్కువగా. పాయింట్ల పద్ధతి వచ్చాక బదిలీల్లో సిఫారసులకు చోటు తగ్గింది, అందుకు సంఘాలు చేసిన పోరాటాన్ని గుర్తించాలి. ఇంటి అద్దె భత్యం శ్రేణిని బట్టి మారుమూల ఊళ్లలో పనిచేసినవారికి ఎక్కువ పాయింట్లు వస్తాయి. స్పౌజ్ కేటగిరీ (భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైనవారు), వైకల్యం, తీవ్ర అనారోగ్యం వంటి వాటికి ప్రాధాన్యం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ 2025లో బదిలీల నియంత్రణకు ప్రత్యేకంగా చట్టమే చేసింది. ఒకేచోట ఉపాధ్యాయులు ఎనిమిదేళ్లు, ప్రధానోపాధ్యాయులు ఐదేళ్లు పూర్తిచేస్తే తప్పనిసరిగా కదలాలి. నిబంధనలు ముందే తెలియడం, వేసవిలోనే ప్రక్రియ జరగడం పిల్లలకూ మంచిదే.

కానీ ఈ పాయింట్లన్నీ టీచరు పడిన కష్టాన్ని కొలుస్తాయి, బడి పడుతున్న కష్టాన్ని కొలవవు. మూడేళ్లుగా గణితం స్కూల్ అసిస్టెంట్ (సబ్జెక్టు టీచరు) లేని ఉన్నత పాఠశాలకు ఆ కారణంగా ఏ ప్రాధాన్యమూ రాదు, ఎవరూ ఆప్షన్ పెట్టుకోకపోతే అది మళ్లీ ఖాళీగానే మిగులుతుంది. దీన్ని సరిదిద్దడానికి శాఖ పట్టణాలకు దగ్గరగా ఉన్న కొన్ని ఖాళీలను బ్లాక్ చేస్తుంది, అంటే కౌన్సెలింగ్‌లో చూపించదు. సంఘాలు ప్రతిసారీ బ్లాకింగ్ ఎత్తివేయాలని పట్టుబడతాయి. బ్లాక్ చేసిన పోస్టులను తర్వాత పలుకుబడి ఉన్నవారికి కట్టబెడతారన్న వారి అనుమానం ఊరికే పుట్టింది కాదు. అయినా అన్ని ఖాళీలూ చూపిస్తే టీచర్లంతా రహదారి పక్క బడులకే చేరతారన్న శాఖ వాదననూ కొట్టిపారేయలేము. రెండింటికీ మధ్య దారి ఉంది: ఏ బడిలో ఖాళీని ఎందుకు ఆపారో కారణంతో సహా జాబితా ప్రకటించాలి, తర్వాతి కౌన్సెలింగ్ వరకు దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు, మారుమూల బడిలో చేరేవారికి పాయింట్లతో పాటు ఉండడానికి ఇల్లో, రవాణా భత్యమో ఇవ్వాలి.

ఎస్‌జీటీలు వెబ్ ఆప్షన్లకు బదులు మాన్యువల్ కౌన్సెలింగ్ అడగడాన్ని మొండితనంగా చూసినవారు ఉన్నారు. జిల్లాలోని వందలాది బడులను వరుసగా ఎంచుకుంటూ పోవడం, ఒక్క పొరపాటు జరిగితే ఏళ్ల తరబడి అనుభవించడం చిన్న విషయం కాదు. 2025లో ప్రభుత్వం ఆ కోరికను అంగీకరించింది. దానివల్ల పిల్లలకు నష్టమేమీ జరగలేదు.

తెలంగాణలో జీవో 317 గురించి ఇప్పటికీ ఎందుకు మాట్లాడతారు?

2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం కొత్త జిల్లాలకు ఉద్యోగులను కేటాయించడానికి 2021 డిసెంబర్‌లో ఆ జీవో వచ్చింది. కేటాయింపుకు సీనియారిటీ ఆధారమైంది, స్థానికత కాలేదు. జూనియర్లు సొంత జిల్లా వదిలి దూర జిల్లాలకు వెళ్లాల్సి వచ్చింది, భార్యాభర్తలు చెరో జిల్లాలో మిగిలారు, పదమూడు జిల్లాల్లో స్పౌజ్ బదిలీలు నిలిచిపోయాయి. ఇది విద్యా సంవత్సరం నడుమ జరిగింది. టీచర్ల కుటుంబాలు పడిన బాధ మీద చర్చ జరిగింది, జరగవలసిందే. ఆ డిసెంబర్, జనవరి నెలల్లో, అదీ కోవిడ్ మూతల తర్వాత బడికి తిరిగొచ్చిన పిల్లలు తమ టీచరును కోల్పోయిన సంగతి మీద అందులో పదో వంతు చర్చ కూడా జరగలేదు.

బోధనేతర పనులు వద్దన్న డిమాండ్ పని తప్పించుకోవడానికా?

కాదు. విద్యా హక్కు చట్టంలోని 27వ సెక్షన్ పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప మరే పనికీ టీచర్లను వాడకూడదని చెబుతుంది. ఎన్నికల పనులకు కూడా సెలవు రోజుల్లో, బోధన లేని వేళల్లో వాడుకోవాలని 2007లో సుప్రీంకోర్టు సూచించింది. 25వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది: ఒక బడికి నియమించిన టీచరును వేరే బడిలోనో కార్యాలయంలోనో పనిచేయించకూడదు. ఈ సెక్షన్‌ను గట్టిగా అమలు చేస్తే ఎన్నో డిప్యుటేషన్లు ఒక్కరోజులో రద్దవుతాయి, వాటిలో ఉపాధ్యాయులే కోరి వేయించుకున్నవీ ఉంటాయి.

2024 నవంబర్‌లో తెలంగాణలో ఇంటింటి సామాజిక, కుల సర్వేకు 36 వేలకు పైగా ఎస్‌జీటీలను తీసుకున్నారు, ప్రాథమిక పాఠశాలలు ఆ రోజుల్లో ఒంటిపూట నడిచాయి. సర్వే అవసరాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. దాని భారం మొత్తం చదవడం నేర్చుకునే వయసు పిల్లల మధ్యాహ్నాల మీద పడిందని మాత్రం చెప్పాలి. జనగణనలో జనాభా లెక్కింపును 2027 ఫిబ్రవరికి నిర్ణయించారు, అంటే పదో తరగతి పరీక్షలకు సరిగ్గా ముందు. ఏ టీచరును తీసుకుంటారు, ఆ పీరియడ్లు ఎవరు చూస్తారు అన్నది ఇప్పుడే తేల్చుకోవలసిన విషయం. బూత్ స్థాయి అధికారి పనులు, మరుగుదొడ్ల ఫొటోల అప్‌లోడ్, కోడిగుడ్ల లెక్క, యూనిఫాం కొలతలు వీటికి అదనం.

ఈ డిమాండ్‌ను సంఘాలు మరింత బలంగా, తల్లిదండ్రులను కలుపుకొని వినిపించాలని మేము కోరుకుంటాము. పోయిన పీరియడ్లను బడివారీగా లెక్కగట్టి ఊరివాళ్ల ముందు పెడితే, ఇది టీచర్ల విన్నపంగా మిగలదు, ఊరి డిమాండ్‌గా మారుతుంది.

ముఖ గుర్తింపు హాజరును సంఘాలు ఎందుకు వ్యతిరేకిస్తాయి? బడికి రాని టీచర్ల మాటేమిటి?

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో హాజరు యాప్ వచ్చినప్పుడు సొంత ఫోన్లలో వేసుకోమన్నారు. సిగ్నల్ లేని ఊళ్లలో బడికి వేళకు వచ్చినా ఆలస్యమైనట్టు నమోదవుతుందన్న భయం, వ్యక్తిగత సమాచారం ఏమవుతుందోనన్న అనుమానం కలిసి నిరసనలకు దారితీశాయి. తెలంగాణలో 2025 ఆగస్టు నుంచి ముఖ గుర్తింపు హాజరు మొదలైంది. పరికరం ప్రభుత్వం ఇవ్వాలన్న కోరిక న్యాయమైనది. హాజరు నమోదే వద్దన్న కోరిక మాత్రం న్యాయమైనది కాదు, నిలబడదు కూడా.

గైర్హాజరు విషయంలో రెండు రకాల అంకెలు ప్రచారంలో ఉన్నాయి. 2003లో జరిగిన ఆకస్మిక తనిఖీల అధ్యయనంలో దేశవ్యాప్తంగా నాలుగో వంతు టీచర్లు బడిలో కనిపించలేదు. 2017లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఆరు రాష్ట్రాల్లో చేసిన అధ్యయనంలో బడిలో లేనివారు 18.5 శాతం కాగా, కారణం లేకుండా ఎగ్గొట్టినవారు 2.5 శాతమే అని తేలింది. మిగతావారు సెలవులోనో, శిక్షణలోనో, కార్యాలయ పనిమీదో ఉన్నారు. టీచరు నిజాయితీని అంచనా వేయడానికి కారణం లేకుండా ఎగ్గొట్టినవారి అంకె కావాలి. పిల్లవాడి నష్టాన్ని అంచనా వేయడానికి బడిలో లేనివారి మొత్తం అంకె చాలు, టీచరు శిక్షణకు వెళ్లినా సినిమాకు వెళ్లినా ఆ పూట వాడికి పాఠం లేదు. అందుకే శాఖాపరమైన సమావేశాలను బడివేళల్లో పెట్టకూడదన్న నియమం హాజరు యాప్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

టెట్ తప్పనిసరి అన్న సుప్రీంకోర్టు తీర్పు ఏం చెప్పింది? ఎవరి పక్షం సరైనది?

2025 సెప్టెంబర్ 1న జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ ఆగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం, ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు బోధించేవారంతా, విద్యా హక్కు చట్టానికి ముందు ఉద్యోగంలో చేరినవారితో సహా, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) ఉత్తీర్ణులు కావాలని తీర్పు ఇచ్చింది. పదవీ విరమణకు ఇంకా ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్నవారు రెండేళ్లలో అర్హత సాధించాలి. ఐదేళ్ల లోపే మిగిలి ఉన్నవారు కొనసాగవచ్చు కానీ టెట్ లేకుండా పదోన్నతి రాదు. మైనారిటీ విద్యాసంస్థల ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపింది.

సంఘాల వాదన ఇది: 2010 ఆగస్టు 23 నాటి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నోటిఫికేషన్‌తో వచ్చిన పరీక్షను, అప్పటికే డీఎస్సీ రాసి ఎంపికై ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పినవారికి వర్తింపజేయడం ఆట మధ్యలో నిబంధన మార్చడమే. ఈ వాదనలో బలం ఉంది. యాభై రెండేళ్ల తెలుగు ఉపాధ్యాయురాలు సాయంత్రాలు కోచింగ్ పుస్తకాలు బట్టీ పట్టే పరిస్థితి వస్తే, ఆ సమయం పిల్లల నోటుపుస్తకాల నుంచే పోతుంది. అలాగని సర్వీసు పొడవే సామర్థ్యానికి రుజువని చెప్పడమూ సరికాదు. పిల్లల చదువు స్థాయిని కొలిచే 2024 అసర్ సర్వే నివేదిక ప్రకారం గ్రామీణ భారత ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. 2022 నాటి 16.3 శాతం కంటే మెరుగే, అయినా నలుగురిలో ముగ్గురు చదవలేకపోతున్నారు.

సీనియర్ల కోసం బోధనకు దగ్గరగా ఉండే ప్రత్యేక పరీక్షో, తరగతి గదిలో చేసే మూల్యాంకనమో పెట్టాలని సంఘాలు చట్ట సవరణ కోరితే, అది రాయితీ అడగడంలా ఉండదు. ‘మమ్మల్ని పరీక్షించండి, పిల్లలకు పనికొచ్చే పద్ధతిలో పరీక్షించండి’ అని అడగడంలో ఉన్న గౌరవం ‘మాకు మినహాయింపు ఇవ్వండి’ అనడంలో లేదు.

పిల్లలు బాగా నేర్చుకుంటే టీచర్లకు ఎక్కువ జీతం ఇవ్వవచ్చు కదా?

దీన్ని ప్రపంచంలో ఎంతో జాగ్రత్తగా పరీక్షించిన చోట్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005 నుంచి ఐదు జిల్లాల్లోని ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో చేసిన ప్రయోగంలో, వంద బడుల్లో టీచరుకు వ్యక్తిగతంగా, మరో వంద బడుల్లో బడి మొత్తానికి ఉమ్మడిగా బోనస్ ఇచ్చారు. ఇంకో వంద బడులను పోల్చడానికి మామూలుగా వదిలేశారు. బోనస్ సగటున వార్షిక వేతనంలో మూడు శాతం. రెండేళ్ల తర్వాత బోనస్ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల (మార్కుల తేడాను కొలిచే ప్రమాణం) మేరకు ముందున్నారు. ఐదేళ్లకు వచ్చేసరికి వ్యక్తిగత బోనస్ ఫలితం బలంగా నిలిచింది, ఉమ్మడి బోనస్ ఫలితం బలహీనపడింది.

ఆసక్తికరమైన విషయం ఏమిటంటే టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. ఫలితం వచ్చింది బడికి వచ్చిన రోజుల్లో అదనపు తరగతులు, హోంవర్క్, సాధన పరీక్షల వల్ల. ఆ బడుల టీచర్లలో అత్యధికులు ఈ ఆలోచనను ఆమోదించారు కూడా. అంటే సంఘాల అధికారిక వైఖరికీ సాధారణ టీచరు మనసుకూ మధ్య మనం అనుకునేదానికంటే ఎక్కువ ఖాళీ ఉండవచ్చు. అయితే ప్రయోగంలో పరీక్షలు పెట్టింది బయటి సంస్థ. రాష్ట్రమంతటా అమలు చేసి, పరీక్ష పెట్టడం, దిద్దడం అదే శాఖకు అప్పగిస్తే మార్కులు పెరుగుతాయి, చదువు పెరుగుతుందన్న హామీ లేదు. సంఘాలు ఈ అభ్యంతరం చెప్పినప్పుడు దాన్ని స్వార్థంగా కొట్టిపారేయకూడదు.

ఏజెన్సీ ప్రాంతాల్లో పరిస్థితి వేరా?

వేరే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే కేటాయించిన 2000 నాటి జీవో నంబర్ 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టివేసింది. వంద శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమన్నది కారణం. ఆదివాసీ ఉపాధ్యాయ సంఘాలు అప్పటి నుంచి దానికి ప్రత్యామ్నాయ చట్టం కోరుతున్నాయి. ఇక్కడ ఉద్యోగ ప్రయోజనం, పిల్లల అవసరం దాదాపు ఒకటే. కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లవాడు మొదటి తరగతిలో ఆ భాష తెలిసిన టీచరు లేకపోతే ఏడాదంతా అర్థం కాని మాటల మధ్య కూర్చుంటాడు. మైదానం నుంచి వచ్చిన టీచరు వారం మధ్యలో కొండ దిగిపోయే ఊళ్లలో, అక్కడే ఇల్లున్న టీచరు విలువ ఎవరికీ చెప్పనక్కరలేదు. పోస్టులను తెగ పేరుతో కాకుండా పిల్లల భాష వచ్చి ఉండాలన్న అర్హతతో నింపే మార్గాన్ని రెండు రాష్ట్రాలూ గట్టిగా ప్రయత్నించాలి.

కాంట్రాక్టు ఉపాధ్యాయులను సంఘాలు పట్టించుకుంటాయా?

తక్కువగా. 2024 డిసెంబర్‌లో తెలంగాణలో సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మె చేసినప్పుడు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో పాఠాలు ఆగిపోయాయి, రెగ్యులర్ టీచర్లను అక్కడికి సర్దుబాటు మీద పంపారు. బడి మానేసిన, తల్లిదండ్రులు లేని, పేద కుటుంబాల ఆడపిల్లలు చదివే చోటే, రాత్రి కూడా పిల్లలతో ఉండి చూసుకునే టీచర్లకు ఉద్యోగ భద్రత లేదు. సమాన పనికి సమాన వేతనం కోసం పెద్ద సంఘాలు పీఆర్‌సీ కోసం చేసినంత పోరాటం చేసి ఉంటే ఆ అమ్మాయిల తరగతులు ఆగేవి కావు.

టీచర్ల పిల్లలు సర్కారు బడిలో చదివితే అన్నీ సర్దుకుంటాయి కదా?

2015లో అలహాబాద్ హైకోర్టు ఇలాంటి ఆదేశమే ఇచ్చింది, ఆచరణలోకి రాలేదు. తన బిడ్డను తాను పనిచేసే బడిలోనే చేర్పించిన టీచరు ఊరికి ఇచ్చే నమ్మకం గొప్పది, అలాంటివారు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. దాన్ని నిబంధనగా పెట్టాలంటే మంత్రులు, కలెక్టర్లు, శాసనసభ్యుల పిల్లలతో మొదలుపెట్టాలి.

తల్లిదండ్రులుగా మేము చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలని విద్యా హక్కు చట్టంలోని 21వ సెక్షన్ చెబుతుంది. తెలంగాణలో 2024 నుంచి మహిళా సంఘాలతో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. ఈ కమిటీల సమావేశాలు సంతకాలతో ముగిసిపోకుండా చూడాలి. మంజూరైన పోస్టులు ఎన్ని, పనిచేస్తున్నవారు ఎందరు, డిప్యుటేషన్ మీద బయట ఉన్నవారు ఎందరు, పోయిన నెలలో ఏ తరగతికి ఎన్ని పీరియడ్లు జరగలేదు అన్న నాలుగు ప్రశ్నలు ప్రతి సమావేశంలో అడిగి, జవాబులు మినిట్స్‌లో రాయించాలి. ప్రధానోపాధ్యాయులు వీటిని తప్పుగా తీసుకోరు. వారు పైకి రాసిన లేఖకు బలం చేకూరుతుంది.

చట్టంలోని 24వ సెక్షన్ టీచరు వేళకు రావాలని, ప్రతి పిల్లవాడి స్థాయిని అంచనా వేసి అవసరమైతే అదనంగా బోధించాలని, తల్లిదండ్రులతో క్రమంగా సమావేశం కావాలని చెబుతుంది. అదే సెక్షన్ టీచరు ఫిర్యాదులను పరిష్కరించాలనీ చెబుతుంది. కమిటీ సమావేశానికి స్థానిక ఉపాధ్యాయ సంఘం మండల బాధ్యులను పిలవండి, వారి సమస్యలు వినండి, మీ పిల్లల సమస్యలు చెప్పండి. ఖాళీ పోస్టు విషయంలో ఇద్దరూ కలిసి ఎంఈఓకు (మండల విద్యాధికారికి) వినతిపత్రం ఇవ్వండి. కదలిక రాకపోతే 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు, మూడు నెలల్లోగా దానిపై నిర్ణయం తీసుకోవాలి, తృప్తి కలగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు వెళ్లవచ్చు. ఫిర్యాదు కాపీ మీద స్వీకరణ ముద్ర, తేదీ వేయించుకోవడం మరవకండి.